మోటారు ప్రమాద కేసులో మెడికల్ బోర్డు పరీక్షకు వెళ్లే ముందు తెలుసుకోవలసినవి

రోడ్డు ప్రమాదంలో గాయపడి పరిహారం కోసం మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో పిటిషను వేసినవారిని, కేసు ఏదో ఒక దశలో ఉండగా, అంతకు ముందెన్నడూ చూడని డాక్టర్ల ముందుకు పంపడం జరుగుతుంది. బీమా కంపెనీ వకీలు కోరడం వల్ల కావచ్చు, పిటిషనరు తరఫు వకీలే అడగడం వల్ల కావచ్చు, దాఖలైన వైకల్య ధ్రువపత్రం మీద న్యాయమూర్తికి సందేహం కలగడం వల్ల కావచ్చు. జిల్లా ఆసుపత్రిలోనో, విశాఖ కేజీహెచ్, హైదరాబాదు ఉస్మానియా వంటి బోధనాసుపత్రిలోనో ఉండే మెడికల్ బోర్డు మిమ్మల్ని పరీక్షించి, శాశ్వత వైకల్యం ఎంత శాతమో నిర్ణయించి, ఆ నివేదికను ట్రిబ్యునల్‌కు పంపుతుంది. మీ జీవితంలో ఆ పరీక్షకు పట్టే సమయం చాలా స్వల్పం. కానీ రాబోయే ఏళ్లలో మీ ఇంటికి చేరే డబ్బు చాలావరకు ఆ నివేదికలోని కొన్ని వాక్యాల మీదే ఆధారపడుతుంది.

అన్నిటికంటే ముందు గ్రహించవలసినది, ఈ డాక్టర్లు మీకు వైద్యం చేయడానికి కూర్చోలేదన్న సంగతి. మందులు రాయరు, నొప్పి తగ్గిస్తామని మాట ఇవ్వరు, ఆపరేషను చేయించుకోమనో వద్దనో సలహా చెప్పడం వారి పని కాదు. కోర్టు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడమే వారి బాధ్యత. గాయం ఈ ప్రమాదం వల్ల కలిగినదేనా, అది శాశ్వతమా తాత్కాలికమా, శరీరం పనితీరులో ఎంత తగ్గింది అన్నవే ఆ ప్రశ్నలు. కాబట్టి మీ సొంత డాక్టరుతో చెప్పుకున్న మాట గోప్యంగా ఉంటుందన్న నమ్మకం ఇక్కడ వర్తించదు. మీరు చెప్పినది నివేదికలోకి ఎక్కుతుంది, ఆ నివేదికను ఎదుటి పక్షం వకీలు చదువుతారు. దీనికి భయపడవలసిన పని లేదు కానీ, తెలిసి వెళ్లడం అవసరం.

పరీక్షకు ఎప్పుడు వెళ్లాలన్న విషయంలో చాలామంది పొరపడతారు. గాయం మానే దశలో ఉండగా వైకల్యాన్ని లెక్క కట్టడం కుదరదు. శరీరం కోలుకోగలిగినంత కోలుకున్న తరువాత, ఇక మిగిలిన జీవితమంతా ఉండిపోయే లోపం ఏదో దాన్నే శాశ్వత వైకల్యంగా పరిగణిస్తారు. ఎముక ఇంకా అతకకపోయినా, రెండో ఆపరేషను మిగిలి ఉన్నా, బోర్డు తాత్కాలిక వైకల్యమని రాసి కొంతకాలం తరువాత మళ్లీ రమ్మనవచ్చు. అలాగని పిటిషను వేయడం మాత్రం వాయిదా వేయకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోగా దరఖాస్తు చేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పిటిషను ముందు వేసి, వైకల్య నిర్ధారణ గాయం స్థిరపడ్డాక చేయించుకోవడమే సరైన క్రమం.

శాతం వెనుక ఉన్న లెక్క

ఈ విషయం మీద కొంచెం ఎక్కువ సేపు నిలవాలి, ఎందుకంటే నష్టపోయేవారిలో ఎక్కువ మంది ఇక్కడే నష్టపోతారు. వైకల్య శాతాలు మూడు రకాలుగా ఉంటాయి. ఒకటి గాయపడిన అవయవం వరకే లెక్కించినది, రెండవది మొత్తం శరీరానికి లెక్కించినది, మూడవది సంపాదన శక్తిలో తగ్గినది. మొదటి రెండూ డాక్టర్లు చెప్పేవి. మూడవది నిర్ణయించే అధికారం ట్రిబ్యునల్‌ది. సుప్రీంకోర్టు 2010 అక్టోబరులో రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ తేడాను స్పష్టంగా విడమరచింది, నేటికీ ట్రిబ్యునళ్లు దానినే అనుసరిస్తున్నాయి. ఆ కేసులో ఢిల్లీలో చీజు అమ్ముకునే ఒక చిరువ్యాపారికి 1991లో జరిగిన ప్రమాదంలో ఎడమ కాలి ఎముకలు రెండూ విరిగాయి, ఎడమ చేతి ఎముక కూడా దెబ్బతిన్నది. ఎడమ కాలికి సంబంధించి 45 శాతం అని ధ్రువపత్రం ఇచ్చారు. న్యాయస్థానం మొత్తం శరీరానికి దాన్ని 25 శాతంగానూ, సంపాదన నష్టాన్ని 20 శాతంగానూ తీసుకున్నది.

అదే తీర్పులో మరో ఉదాహరణ ఉంది. ఎడమ చేయి తెగిపోయినవారి వైకల్యం సుమారు 60 శాతం ఉండవచ్చు. ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన నష్టం దాదాపు నూటికి నూరు శాతం అవుతుంది. ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తా అయితే ఉద్యోగం పోకుండా కొనసాగవచ్చు కాబట్టి ఆ నష్టం అంత ఉండదు. అంటే బోర్డు ఇచ్చే అంకె ఒక్కటే పరిహారాన్ని తేల్చదు. మీ చేతులు, కాళ్లు, కళ్లు మీ వృత్తిలో ఏ పనికి వాడుతున్నారో, ఇప్పుడు ఏ పని ఆగిపోయిందో నమోదు కాకపోతే ఆ అంకెకు ప్రాణం ఉండదు.

రూపాయల్లో చూస్తే ఈ తేడా ఎంతటిదో అర్థమవుతుంది. 28 ఏళ్ల లారీ డ్రైవరుకు నెలకు 18,000 రూపాయల ఆదాయం ఉందనుకుందాం. ఏడాదికి 2,16,000. సరళా వర్మ కేసులో 2009లో సుప్రీంకోర్టు స్థిరపరచిన పట్టిక ప్రకారం 26 నుంచి 30 ఏళ్ల వయసుకు గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేయవలసిన అంకె, 17. రెండింటినీ గుణిస్తే 36,72,000 రూపాయలు. సంపాదన నష్టం 20 శాతం అని తేలితే ఈ పద్దు కింద వచ్చేది 7,34,400. 50 శాతం అని తేలితే 18,36,000. ఇక ఆ మనిషి మళ్లీ స్టీరింగు పట్టలేడనీ, వేరే పని చేసే అవకాశమూ లేదనీ రుజువైతే మొత్తం 36,72,000 రావచ్చు. భవిష్యత్తులో పెరిగే ఆదాయం, వైద్య ఖర్చులు, నొప్పి బాధలకు ఇచ్చేది దీనికి అదనం.

అందువల్ల నివేదికలో శాతం ఏ అవయవానికి, మొత్తం శరీరానికి ఎంత అన్న రెండు వివరాలూ ఉండాలని మీ వకీలు ద్వారా ట్రిబ్యునల్‌ను ముందే కోరండి. బోర్డుకు పంపే ఉత్తర్వులోనే ఈ ప్రశ్నలు రాసి ఉంటే, తరువాత వివరణ కోసం డాక్టర్లను మళ్లీ పిలిపించవలసిన అవసరం తగ్గుతుంది.

వెళ్లేటప్పుడు వెంట ఉండవలసినవి

ట్రిబ్యునల్ ఉత్తర్వు నకలు, ఆధార్ కార్డు, ఎఫ్ఐఆర్, ప్రమాదం జరిగిన రోజున ఆసుపత్రిలో నమోదైన ఎంఎల్‌సి (మెడికో లీగల్ కేసు) వివరాలు, గాయాల ధ్రువపత్రం, ప్రతి ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ తప్పనిసరిగా తీసుకెళ్లండి. ఎక్స్‌రే విషయంలో నివేదిక కాగితం ఒక్కటే చాలదు, ఫిల్ములు కూడా కావాలి. దెబ్బ తగిలిన రోజు తీసిన ఫిల్ము, రాడ్డో ప్లేటో వేసిన తరువాత తీసినది, ఇటీవలిది, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఎముక ఎలా విరిగింది, ఎలా అతికింది అన్నది తెలుస్తుంది. స్కాను సీడీలో ఉంటే అది తెరుచుకుంటుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. అసలు పత్రాలు కోర్టులో దాఖలై ఉంటే ముందుగానే సర్టిఫైడ్ నకళ్లకు దరఖాస్తు పెట్టండి.

పాత ఆసుపత్రి రికార్డులు మీ దగ్గర లేకపోతే జాప్యం చేయకండి. 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారం డాక్టర్లు వైద్య రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుంచి 3 సంవత్సరాల పాటు భద్రపరచాలి, రోగి గానీ అధీకృత వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కేసులు ఏళ్ల తరబడి సాగుతాయి కనుక మూడేళ్లు గడిచాక అడిగితే దొరుకుతాయన్న హామీ లేదు. రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఒక తెల్లకాగితం మీద మీ పరిస్థితిని సొంత మాటల్లో రాసుకుని వెళ్లడం ఎంతో మేలు చేస్తుంది. ప్రమాద తేదీ, ఆపరేషన్ల తేదీలు, ప్రస్తుతం వాడుతున్న మందులు, మీ వృత్తిలో రోజువారీ చేసే పనులు, వాటిలో ఇప్పుడు చేయలేనివి, కష్టం మీద చేస్తున్నవి అందులో ఉండాలి. "పని చేయలేకపోతున్నాను" అన్న మాటలో డాక్టరుకు రాసుకోదగినది ఏమీ లేదు. "యాభై కిలోల బస్తా భుజానికెత్తేవాడిని, ఇప్పుడు నిండు బిందె కూడా ఎడమ చేత్తో ఎత్తలేను" అంటే ఉంది. "నాట్లు వేసేటప్పుడు వంగితే పది నిమిషాల్లో నడుము పట్టేస్తుంది" అంటే ఉంది.

పరీక్ష గదిలో

మన దగ్గర పెద్దవాళ్లు "ఎలా ఉన్నారు?" అని అడిగితే "బాగానే ఉన్నానండి" అనడం మర్యాద. ఎంత బాధలో ఉన్నా ఆ మాటే నోటికి వస్తుంది. బోర్డు ముందు ఆ మర్యాద మీకు చేటు చేస్తుంది, ఎందుకంటే ఆ జవాబు అలాగే రాసుకునే అవకాశం ఉంది. ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చే వయసు మళ్లినవారు, ఇంటి ఆడవారు తమ కష్టాన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడటం, "ఏదో నెట్టుకొస్తున్నాం" అని ముగించేయడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. మరుగుదొడ్డికి వెళ్లడం కష్టంగా ఉందన్న మాట, బట్టలు మార్చుకోవడానికి మరొకరి సాయం కావాలన్న మాట అక్కడ చెప్పవలసినవే. అవి మీ వైకల్యానికి కొలతలు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. చలన సంబంధ వైకల్యాన్ని లెక్కించడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో చేతి పనితీరును చూసే పద్ధతే అలా ఉంది. తల కంటే ఎత్తులో ఉన్న వస్తువును అందుకోగలరా, ముక్కు చివర వేలితో తాకగలరా, చేత్తో అన్నం కలుపుకుని తినగలరా, తల దువ్వి జడ వేసుకోగలరా, చొక్కా తొడుక్కోగలరా, గుండీలు పెట్టుకోగలరా, నీళ్ల గ్లాసు పట్టుకుని తాగగలరా, రాయగలరా అని ఒక్కో పనినీ విడిగా లెక్కిస్తారు. కాలి విషయంలో చదునైన నేల మీద నడక, వాలు మీద నడక, మెట్లెక్కడం, దెబ్బ తగిలిన కాలి మీద నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం వంటివి చూస్తారు. వీటితో పాటు గోనియోమీటరు అనే కోణమాని పెట్టి కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలుస్తారు, కండరాల బలం పరీక్షిస్తారు, కాలు పొట్టిదైతే ఎంత పొట్టిదైందో టేపుతో చూస్తారు. రెండు చోట్ల లోపం ఉంటే రెండు శాతాలనూ నేరుగా కూడరు. పెద్ద శాతానికి, చిన్న శాతంలో కొంత భాగాన్ని ఒక సూత్రం ప్రకారం కలుపుతారు. 40, 30 శాతాలు కలిస్తే 70 కాదు, సుమారు 57 అవుతుంది. ఈ సంగతి తెలియక బోర్డు అన్యాయం చేసిందని అనుకునేవారున్నారు.

బాధను తగ్గించి చెప్పడం ఎంత తప్పో, పెంచి చెప్పడం అంతకంటే ప్రమాదకరం. గది తలుపు తోసుకుని లోపలికి వచ్చినప్పటి నుంచి మీ నడక, కుర్చీలో కూర్చునే తీరు, సంచిలోంచి కాగితాలు తీసే చెయ్యి, చెప్పులు విప్పే పద్ధతి అన్నీ గమనిస్తారు. కాలు వాడటం లేదని చెబితే తొడ, పిక్క చుట్టుకొలతలను రెండో కాలితో పోల్చి చూస్తారు. నిజంగా వాడకం తగ్గిన కాలిలో కండ తగ్గుతుంది. పని మానేశానన్న మనిషి అరచెయ్యి పని వల్ల కాయలు కాచి ఉంటే అదీ కనిపిస్తుంది. ఒక్క చోట అతిశయోక్తి దొరికితే, నిజంగా ఉన్న మిగిలిన బాధ మీద కూడా నమ్మకం పోతుంది. కీలు వంచమన్నప్పుడు నొప్పి మొదలయ్యే చోట "ఇక్కడ నొప్పి మొదలైంది" అని చెప్పండి, వంగగలిగినంత వరకు వంచండి, బిగబట్టకండి.

పాత గాయాలు, షుగరు, కీళ్లవాతం వంటివి ఉంటే దాచవద్దు. అవి పాత రికార్డుల్లో ఎలాగూ బయటపడతాయి. "అయిదేళ్ల క్రితం మోకాలి నొప్పి ఉండేది, కానీ రోజూ పొలం పనికి వెళ్లేవాడిని, ప్రమాదం తరువాతే వెళ్లలేకపోయాను" అన్న నిజం మీకు నష్టం కలిగించదు. దాన్ని దాచి, కోర్టులో ఎదుటి వకీలు వేసే అడ్డు ప్రశ్నల్లో దొరికిపోతే మాత్రం నష్టమే.

ఒంట్లో రాడ్డు, ప్లేటు, స్క్రూలు ఉంటే వాటిని భవిష్యత్తులో తీయవలసి ఉంటుందా అన్నది డాక్టర్లను అడిగి, అవసరమైతే నివేదికలో చేర్చమని వినయంగా కోరండి. ముందు ముందు అయ్యే వైద్య ఖర్చు పరిహారంలో చేరడానికి అదే ఆధారం.

తలకు దెబ్బ తగిలినవారు ఒంటరిగా వెళ్లకూడదు. మతిమరుపు, కోపం, మాట తడబడటం, పని మీద దృష్టి నిలవకపోవడం వంటి మార్పులు రోగికి స్వయంగా తెలియకపోవచ్చు. అవి తెలిసేది భార్యకో, తల్లికో, పిల్లలకో. వారిని వెంట తీసుకెళ్లి, వారి మాట కూడా వినమని అడగండి. మూర్ఛలు వస్తుంటే ఏయే తేదీల్లో వచ్చాయో రాసి ఉంచుకోండి. మహిళలను పురుష డాక్టరు పరీక్షించేటప్పుడు గదిలో మరో మహిళ ఉండాలని కోరే హక్కు జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. మొహమాటం లేకుండా అడగవచ్చు.

సదరం సర్టిఫికెట్ ఉంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. అది పింఛను, బస్సు పాసు వంటి ప్రభుత్వ ప్రయోజనాల కోసం ఇచ్చేది. ట్రిబ్యునల్ దాన్ని సాక్ష్యంగా పరిశీలించవచ్చు గానీ, దాని మీదే ఆధారపడాలన్న నియమం లేదు. అలాగే వైద్యం చేయని డాక్టరు ఉదారంగా రాసిచ్చే ధ్రువపత్రాల విషయంలో జాగ్రత్తగా ఉండాలని రాజ్ కుమార్ తీర్పు ట్రిబ్యునళ్లను హెచ్చరించింది. ఇక డబ్బిస్తే శాతం పెంచిస్తామని ఆసుపత్రి గేటు దగ్గర తిరిగే దళారుల మాట అసలు వినకండి. వైకల్యం గలవారికి ఉద్దేశించిన ప్రయోజనాలను మోసంతో పొందితే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ కింద 2 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అంతకంటే ముందు, నిజమైన కేసు కూడా ఆ ఒక్క దొంగ కాగితం వల్ల కూలిపోతుంది.

నివేదిక వచ్చాక

పరీక్ష ముగిసిన రోజే ఎవరెవరు చూశారు, ఏమేమి కొలిచారు, ఏ ప్రశ్నలు అడిగారు, ఎక్స్‌రే ఫిల్ములు చూశారా లేదా అన్నది రాసి పెట్టుకోండి. నివేదిక ట్రిబ్యునల్‌కు చేరగానే నకలు తీసుకుని మీ వకీలుతో కూర్చుని వరుసగా చదవండి. కుడి ఎడమలు తారుమారు కావడం, రెండు గాయాల్లో ఒకటి వదిలేయడం, వయసు తప్పు పడటం, శాతం అవయవానికా శరీరానికా అన్నది రాయకపోవడం, శాశ్వతమా తాత్కాలికమా అన్నది అస్పష్టంగా ఉండటం, ఇవీ ముఖ్యంగా చూడవలసినవి.

తప్పు కనిపిస్తే బోర్డు డాక్టర్ల దగ్గరికి మీరే వెళ్లి వాదించడం వల్ల ఫలితం ఉండదు. ట్రిబ్యునల్‌లో అభ్యంతరం దాఖలు చేయాలి, నివేదిక రాసిన డాక్టరును సాక్షిగా పిలిపించాలని కోరాలి, మీకు వైద్యం చేసిన సర్జను సాక్ష్యం కూడా నమోదు చేయించాలి. చికిత్స చేసిన డాక్టరు కోర్టుకు రాలేకపోతే ఆయన వద్దకే కోర్టు నియమించే కమిషనరును పంపి సాక్ష్యం తీసుకోవచ్చు. దానితో పాటు మీ వృత్తికి రుజువులు, అంటే డ్రైవింగ్ లైసెన్సు, యజమాని ఇచ్చే పత్రం, జీతం పడిన బ్యాంకు ఖాతా వివరాలు, పొలం పాసు పుస్తకం వంటివి దాఖలు చేసి, మీతో పనిచేసినవారి సాక్ష్యం ఇప్పిస్తేనే శరీర వైకల్యానికీ సంపాదన నష్టానికీ మధ్య ఉన్న సంబంధం న్యాయమూర్తి కళ్లకు కడుతుంది. నా అభిప్రాయంలో బోర్డు ఇచ్చిన శాతాన్ని రెండు మూడు అంకెలు పెంచమని పోరాడటం కంటే, ఈ సాక్ష్యం పకడ్బందీగా కూర్చుకోవడమే ఎక్కువ ఫలితమిస్తుంది.

వకీలు ఫీజు భరించలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు, ఫోన్ నంబరు 15100. ట్రిబ్యునల్ అవార్డులో, అంటే పరిహారం తేల్చే తీర్పులో, వైకల్యాన్ని తక్కువగా లెక్కించారని భావిస్తే అవార్డు తేదీ నుంచి 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు, వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయలకు తక్కువ కాకూడదు. అవార్డు వెలువడిన రోజే సర్టిఫైడ్ నకలుకు దరఖాస్తు పెట్టండి.